మంచి చెయ్యి

సూది లేని దవాఖానను లలితమ్మ బుద్ధెరిగాక చూడటం ఇదే మొదటిసారి. వచ్చి మూడు రోజులైంది. సెలైన్ సీసా లేదు, సీసా తగిలించే ఇనుప కడ్డీ లేదు, గోళీల పొట్లమూ రాలేదు. ఉన్నవల్లా రంగురంగుల రబ్బరు బంతులు, గోడంత అద్దం, నేల మీద నీలం పరుపులు, గది మధ్యలో నాలుగు చెక్క మెట్లు. ఆ మెట్లు ఎక్కితే పైన ఏమీ లేదు, అవతలి వైపు నాలుగు మెట్లు దిగడమే. పొద్దున్నుంచి పిల్లల్ని వాటి మీద ఎక్కిస్తారు, దించుతారు.

"యాడికీ పోని మెట్లు ఎందుకు పెట్టిండ్రు?" అని ఆయా తిరుపతమ్మను అడిగింది.

"ఎక్కనీకి" అంది తిరుపతమ్మ, ఇందులో అడగడానికేముందన్నట్టు.

వనపర్తి ఊరి చివరనున్న ఆ చిన్నపిల్లల ఆసుపత్రిని చుట్టుపక్కల జనం కసరత్తు దవాఖాన అంటారు. బోర్డు మీద పేరు చాలా పొడుగు. అంత పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. లలితమ్మది వీపనగండ్ల దగ్గరి పల్లె. కూలికి పోతుంది. భర్త ఇస్రాయేలు ఓ మేస్త్రీ వెంట పుణె పోయి అక్కడ సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. కూతురు అఖిలకు ఐదు నిండి ఆరు నడుస్తోంది. రెండో ఏట మెదడు జ్వరం వచ్చింది. జ్వరమైతే పోయింది గానీ, కుడి పక్కను పట్టుకుని పోయింది. కాలు కొంచెం ఈడుస్తూ నడిచేస్తుంది. చెయ్యే దారికి రాలేదు. మోచేతి దగ్గర మడుచుకుని, బొటనవేలిని పిడికిట్లో దాచుకుని, ఎప్పుడూ ఛాతీకి ఆని ఉంటుంది.

ఏప్రిల్‌లో బడిలో పేరు రాయించడానికి తీసుకుపోతే టీచరమ్మ పిల్లను కింది నుంచి పైదాకా చూసింది.

"తన అన్నం తాను తింటదా?"

"నేనే పెడ్త మేడం."

"మరి ఈడ ఎవరు పెడ్తరు? ముప్పైమంది పిల్లలకు నేనొక్కదాన్ని. పాఠం చెప్పాల్నా, ముద్దలు పెట్టాల్నా? తినుడు నేర్పించి తోల్కరా. జూన్ల చూద్దం."

అట్లా అనే హక్కు ఆమెకు ఉందో లేదో లలితమ్మకు తెలియదు. లేదని చెప్పేవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. అఖిల మాత్రం ఆ మాటలన్నీ విన్నది. ఇంటికొచ్చి పలక ఒళ్లో పెట్టుకుని "జూను అంటే ఇంగెన్ని దినాలు?" అని పొద్దుకోసారి అడగడం మొదలుపెట్టింది. ఆ అడగడం భరించలేకే లలితమ్మ ఇక్కడికి వచ్చింది. లేకపోతే ఊరికే దవాఖానలను నమ్మే మనిషి కాదామె.

మొదటి రోజే డాక్టరు ఆమెకు పెద్ద అనుమానం పెట్టాడు. పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "మీ పాపకు ఏం రావాలని మీరనుకుంటున్నారమ్మా?" అని అడిగాడు.

డాక్టరు అడగాల్సిన మాటేనా అది? రోగమేమిటో, మందేమిటో చెప్పాల్సింది ఆయన. పత్తి చేనుకు ఏ మందు కొట్టాలని కూలిమనిషిని అడిగే రైతు ఎక్కడైనా ఉంటాడా? అయినా అడిగాడు కాబట్టి లలితమ్మ చెప్పింది.

"కుడిచేత్తోని అన్నం తినాలె సారూ. బడికి పోవాలె."

ఆయన ఆ మాటలే, ఆమె అన్నది అన్నట్టే కాగితం మీద రాశాడు. కింద సంతకం పెట్టమన్నాడు. లలితమ్మ పెట్టలేదు. కాగితం మడిచి వార్డుకు తెచ్చి, పక్క మంచం దగ్గరున్న కురుమూర్తికి ఇచ్చింది. ఆయనది గోపాల్‌పేట, సొంత చేను ఉన్న రైతు. మనవరాలు పూజకు రెండు కాళ్లూ బిగుసుకుపోతాయని తీసుకురావడం ఇది రెండోసారి. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తపాలా ఆఫీసులో కూర్చున్నంత పెద్దరికంగా చదివాడు.

"నువ్వు చెప్పిందే రాసిండ్రు బిడ్డా. గని కింద ఇంగో మాట ఉన్నది. చికిత్సల తల్లిదండ్రులు గూడ పాల్గొనాలంట."

"అంటే ఏంది పెద్దయ్యా?"

"అంటే పని మనతోనే చేయిస్తరు" అన్నాడు కురుమూర్తి. "జీతాలు వాళ్లకు."

లలితమ్మ సంతకం పెట్టి కాగితం తిరిగి ఇచ్చింది. కురుమూర్తి అబద్ధమాడలేదు. మర్నాటి నుంచే మొదలైంది. కసరత్తు చేయించే అమ్మాయి పేరు మనీషా. నీలం చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. అఖిల మోచెయ్యి ఎట్లా చాపాలో, మణికట్టు ఎట్లా వంచాలో లలితమ్మకు చూపించి, ఆమెతోనే చేయించి, తను పక్కన కూర్చుని చూసింది. పిడికిట్లో దాక్కున్న బొటనవేలిని మనీషా తియ్యబోతే పిల్ల ఏడ్చింది. వేలి కొస పట్టుకుని లాగుతోందని లలితమ్మకు అనిపించింది. చూస్తూ ఊరుకోలేక చెయ్యి అడ్డం పెట్టి, బొటనవేలి మొదట్లో తన వేలు ఆనించి, కొంచెం పక్కకు తిప్పింది. పిడికిలి తెరుచుకుంది. పిల్లకు తెలియను కూడా లేదు.

మనీషా ఆ చేతిని కాసేపు చూసింది. అఖిల చేతిని కాదు, లలితమ్మ చేతిని.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

"యాడ నేర్చుకుంట. వచ్చింది" అంది లలితమ్మ. ఏటా వానకాలం గద్వాల వైపు విత్తనాల కోసం పండించే సీడు పత్తి చేలకు పోయి, వేల మొగ్గలను కాయ కందకుండా గోటితో విప్పే చెయ్యి అది. ఆ సంగతి ఈ అమ్మాయికి చెప్పాల్సిన పని లేదనుకుంది. మనీషా కాగితం మీద ఏదో రాసుకుంది. ఏం రాసిందో అన్న ఆలోచన లలితమ్మను సాయంత్రం దాకా తినేసింది.

నాలుగో రోజు పన్నెండు గంటలకు మనీషా తలుపు దగ్గరే ఆపింది.

"ఇవాళ మీరు బయట కూర్చోండమ్మా. పాపను నేను తీసుకుపోతా."

"ఎందుకు?"

"మీరుంటే పాప మీ వైపే చూస్తుంది. గంట తర్వాత పిలుస్తాను."

తలుపు పడింది. దాచేది ఉంటేనే తలుపు వేస్తారని లలితమ్మకు తెలుసు. లోపలి నుంచి ముందు మాటలు వినిపించాయి, తర్వాత అఖిల ఏడుపు. లలితమ్మ వరండా చుట్టూ తిరిగి వెనక కిటికీ దగ్గరికి పోయింది. కిటికీ కింద కూలరు పెట్టి ఉంది. దాని పక్కన మునికాళ్ల మీద నిలబడి చూసింది.

అఖిల బల్ల ముందు కూర్చుని ఉంది. ఎడమ చేతికి మోచెయ్యి దాకా తెల్ల గుడ్డ సంచి తొడిగారు. పైన నాడాతో కట్టారు. పిల్లకున్న ఒకే ఒక్క మంచి చెయ్యి సంచిలో ఉంది. ముందేమో చెక్క ముక్కలు. కుడి చెయ్యి ఛాతీ దగ్గరే వణుకుతోంది. మనీషా తియ్యటి గొంతుతో "తీసుకో తల్లీ, తీసుకో" అంటోంది.

లలితమ్మ ఎప్పుడు చుట్టూ తిరిగి వచ్చిందో, ఎప్పుడు తలుపు తోసిందో ఆమెకే గుర్తులేదు.

"దొంగనా నా బిడ్డ? కట్టేస్తరా?"

మనీషా లేచి నిలబడింది గానీ వెనక్కి తగ్గలేదు. "మొదటి రోజు చెప్పాం కదమ్మా. మంచి చేతికి రోజూ మూడు గంటలు సెలవు. పది రోజులు. అది పని చేస్తున్నంతసేపు రెండో చెయ్యి నేర్చుకోదు. మధ్యాహ్నం అన్నం కూడా ఈ మూడు గంటల్లోనే వస్తుంది. నొప్పి పుట్టదు, మీ వేలు దూర్చి చూడండి."

చెప్పిన మాట నిజమే. కాకపోతే ఆ రోజు చికిత్స, పరిమితి, ప్రేరణ అని చెప్పారు. కట్టేస్తామని చెప్పలేదు. లలితమ్మ నాడా కింద వేలు దూర్చింది. వదులుగానే ఉంది. అంత మాత్రాన నమ్మకం కలగలేదు. "ఉన్న చెయ్యి గూడ పోతే ఎవరిస్తరు?" అని మాత్రం అంది. తల్లిని చూశాక అఖిల ఏడుపు రెండింతలైంది.

ఆ సాయంత్రం ఇస్రాయేలుకు ఫోన్ చేసింది. అవతల ఏదో మిషను మోత.

"సంతకం పెట్టినవా?"

"పెట్టిన."

"జర ఆగకపోయినవా? మన పిల్లల మీద నేర్చుకుంటరు వాళ్లు. నచ్చకుంటే తోల్కపో. గంతే."

తీసుకుపోవడం ఎంతసేపు. బస్టాండు కోసెడు దూరమే. కానీ ఇంటికి పోయాక జూన్‌కు ఇంకా ఎన్ని రోజులుందని ఆ పిల్ల అడిగితే చెప్పాల్సింది ఇస్రాయేలు కాదు. లలితమ్మ పోలేదు. అట్లాగని వాళ్లు చెప్పినట్టు వినడానికీ ఒప్పుకోలేదు. ఆమె దారి ఆమె చూసుకుంది.

మధ్యాహ్నం వరండాలో తల్లులూ పిల్లలూ వరసగా కూర్చుని తింటారు. కంచం పిల్ల ముందు పెట్టి ఆగాలి, తినిపించొద్దు, ఎంతసేపైనా ఫరవాలేదు. ఇదీ మనీషా చెప్పి పోయిన మాట. లలితమ్మ కంచం తీసుకుని, అఖిలను చంకనేసుకుని, వంటగది వెనక బట్టలారేసే తీగ దగ్గరికి పోయేది. అక్కడ గచ్చు మీద కూర్చోబెట్టి, సంచి నాడా విప్పి, చెమట పట్టిన చిన్న చేతిని కొంగుతో తుడిచేది. పప్పన్నం కలిపి, కోడిగుడ్డు నలిపి, గబగబా పది ముద్దలు పెట్టేది. మూతి తుడిచి, సంచి తొడిగి, నాడా కట్టి, ఏమీ ఎరగనట్టు వరండాలోకి వచ్చేది.

"తిన్నదా?" అని మనీషా అడిగేది.

"తిన్నది."

"తన చేత్తోనేనా?"

"ఆ."

అఖిల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది.

ఇది కొత్త పని కాదు. నాలుగేళ్లుగా లలితమ్మ చేస్తున్నదే. మొదట్లో పిల్ల ఎడమ చెయ్యి కంచంలోకి పోయేది. కడుక్కునే చేత్తో అన్నం తింటే చూసేవాళ్లేమంటారు? చర్చిలో ఈస్టరు భోజనాలప్పుడు ఒకామె అననే అంది. అప్పటి నుంచి ఎడమ చెయ్యి కంచం వైపు కదిలితే లలితమ్మ మెల్లగా పక్కకు నెట్టి తనే పెట్టేది. ఎడమ చెయ్యి పెట్టకూడదు, కుడి చెయ్యి రాదు. కాబట్టి అమ్మ చెయ్యి. ఇందులో తప్పేముందో ఆమెకెప్పుడూ తట్టలేదు.

నాలుగు రోజులు అట్లా గడిచాయి. రోజూ మధ్యాహ్నం మూడింటికి మనీషా అఖిలను గదిలోకి తీసుకుపోయేది. వెంటనే విప్పదు. నాడా ముడిని కాసేపు చూస్తుంది. ఏదో రాసుకుంటుంది. ఏమీ అనదు. తిట్టినా బాగుండుననిపించింది లలితమ్మకు. ఏమీ అనని మనిషిని ఎట్లా అర్థం చేసుకోవాలి? ఎవరో చెప్పేశారని ఖాయం చేసుకుంది. ఎవరు? కురుమూర్తి తప్ప ఎవరుంటారు? బట్టలు తీయడానికి ఆ తీగ దగ్గరికి రెండుసార్లు వచ్చాడాయన. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేసింది. మంచం కూడా అవతలికి జరుపుకుంది. కొల్లాపూర్ నుంచి వియ్యంకుడు పంపాడని ఆయన మామిడిపండ్లు పంచుతుంటే, "మాకొద్దు" అంది. పాపం ఆ పెద్దమనిషి తనేం తప్పు చేశాడో తెలియక, అఖిలకు తినిపించమని మనీషా చేతికి ఓ రెండు పండ్లు ఇచ్చి ఊరుకున్నాడు.

ఎనిమిదో రోజు మనీషా లలితమ్మను గదిలోకి పిలిచి తలుపు వేసింది. ఇక వెళ్లిపొమ్మంటుందని లలితమ్మ గుండె దిటవు చేసుకుంది. మనీషా ఫోన్ తీసి చేతికిచ్చింది.

"చూడండి."

అఖిల. అదే బల్ల. ఎడమ చేతికి సంచి. ముందు గిన్నెలో మామిడిపండు ముక్కలు. కుడి చెయ్యి ఛాతీ మీది నుంచి లేచింది. గాల్లో ఆగింది. గిన్నె దాటి పక్కకు పోయింది. మళ్లీ వచ్చింది. ముక్క దొరికి జారిపోయింది. మళ్లీ జారిపోయింది. మూడోసారి పిడికిట్లోంచి బొటనవేలు మెల్లగా బయటికొచ్చింది. ముక్కను పట్టుకుంది. మోచెయ్యి వణుకుతూ వణుకుతూ పైకి లేచింది, ముక్క సగం గదవకు, సగం నోటికి అందింది. రసం మెడ మీదికి కారుతుంటే అఖిల పకపకా నవ్వింది.

లలితమ్మ మళ్లీ పెట్టమంది. మళ్లీ చూసింది.

"గిది ఎప్పటిది?"

"మొన్నటిది."

"ఆకలికి మాడ్చి తినిపిచ్చిండ్రా?"

"ఆకలెక్కడిదమ్మా. ఒంటిగంటకు మీరు కడుపు నిండా పెడతారు. మూడింటికి నా దగ్గర ఇది తిన్నది."

లలితమ్మ ఫోన్ బల్ల మీద పెట్టింది.

"ఎవరు చెప్పిండ్రు? గా పెద్దాయనేనా?"

"ఎవరూ చెప్పలేదు." మనీషా బల్ల మీదున్న సంచి ముందుకు జరిపింది. దాని నాడా ఇంకా ముడి విప్పకుండానే ఉంది. "నేను వేసేది జారు ముడి. లాగితే ఊడొస్తుంది. ఇది ఒంటిచేత్తో, బొటనవేలి మీద తిప్పి వేసే ముడి. పత్తి పువ్వును క్రాసింగు చేసినంక తొడిమెకు దారం కడ్తరు సూడు, గా ముడి."

లలితమ్మ తలెత్తింది. మాట మారింది. పుస్తకం పోయి ఊరు వచ్చింది ఆ గొంతులోకి.

"నీకెట్ల తెల్సు?"

"మాది గద్వాల అవతల. పదేండ్లప్పుడు బడి ఎగ్గొట్టి నేను గూడ సీడు పత్తిల దారం కట్టిన. మా అమ్మ ఇప్పటికీ కడ్తది. నువ్వు బొటనవేలు తీసిననాడే అనుకున్న, గిది పత్తి చెయ్యని. మొదటి రోజు ముడి సూడంగనే తెల్సిపోయింది లలితక్కా."

"తెల్సి ఎందుకు ఊకున్నవ్?"

మనీషా నాడా ముడి విప్పసాగింది. "నాది తప్పే. గా రోజే అడగాల్సింది. అడిగితే బిడ్డను తీస్కొని పోతవేమోనని భయపడ్డ. పోయినేడు ఒకామె గట్లనే పోయింది, మళ్ల రాలే." ముడి ఊడదీసి, "ఇంగ ఆరు దినాలే ఉన్నయి. పాప కుడిచెయ్యి వస్తనే ఉన్నది అక్కా. నీ కుడిచెయ్యే ఆగుతలేదు" అంది.

లలితమ్మ లేచి బయటికి వచ్చేసింది. కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం లేదని కూడా తెలుస్తోంది, అందుకే ఇంకా ఎక్కువ వచ్చింది. నాలుగేళ్లు కడుపులో పెట్టుకుని పెట్టిన చెయ్యి అడ్డమైందట. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ముందు నవ్వుతూ తిన్నదట.

అఖిల బట్టల తీగ దగ్గర గచ్చు మీద కూర్చుని చీమలను చూస్తోంది.

"మేడం తాన మామిడిపండు తిన్నవంట?"

అఖిల తలూపింది.

"మరి నా తాన ఎందుకు తినవ్ బిడ్డా?"

ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది. కారణం వెతికి, దొరికాక తల్లి వైపు తిరిగి చెప్పింది.

"నువ్వు పెడ్తవ్ గదా."

నిందేమీ లేదందులో. వాన పడితే తడుస్తుందని చెప్పినట్టు చెప్పింది. లలితమ్మకు ఏడుపొచ్చింది. తీగ మీది తడి చీర ఒకటి మొహానికి అడ్డంగా లాక్కుని, అది ఎవరి చీరో కూడా చూడకుండా అందులో ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వంటగది వెనక్కి పోలేదు. వరండాలో అందరి మధ్యా అఖిలను కూర్చోబెట్టి, కంచం ముందు పెట్టింది. పప్పన్నం కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి వరసగా పెట్టింది. చెయ్యి కడుక్కుని వచ్చింది. ఆ కడుక్కున్న చేతికి కొంగు రెండు చుట్లు చుట్టి, కొస నడుము దగ్గర బిగించి దోపింది. జరుగుతుందన్న నమ్మకం ఇప్పటికీ లేదు. మనీషా మాట అబద్ధమని తేలినా తేలవచ్చు. అదీ చూద్దామనుకుంది.

అఖిల అలవాటుగా నోరు తెరిచింది. ముద్ద రాలేదు. తెరిచిన నోరు అట్లాగే పెట్టుకుని తల్లిని చూసింది. తర్వాత మూసింది.

"అమ్మా, నీ చేతికేమైంది?"

"కట్టేసిండ్రు."

"ఎవరు?"

"నేనే కట్టుకున్న."

అఖిల తన సంచిని చూసుకుంది, తల్లి కొంగును చూసింది. ఆ పోలిక ఆమెకు బాగా నచ్చినట్టుంది, సంచి ఎత్తి కొంగుకు ఆనించింది. చాలాసేపటికి కుడి మోచెయ్యి ఛాతీని వదిలింది.

మొదటి ముద్ద ఒళ్లో పడింది. రెండోది దొరకనే లేదు, వేళ్ల కింద నలిగి అన్నమైపోయింది. కొంగులో లలితమ్మ చెయ్యి ఉలిక్కిపడింది. పళ్లు బిగించి ఆపుకుంది. మూడో ముద్ద గదవ దాకా వచ్చి రాలిపోయింది. పక్కన కురుమూర్తి తినడం ఆపి చూస్తున్నాడు. పూజ అడగబోయిందేదో అడగకుండా ఊరుకుంది. నాలుగో ముద్దకు అఖిల తలనే చేతి దగ్గరికి వంచింది. సగం లోపలికి పోయింది. నమిలింది. మింగింది. తల్లిని చూడను కూడా చూడలేదు, ఐదో ముద్ద కోసం చెయ్యి పోయింది.

అందరూ లేచారు. కంచాలు కడిగారు. ఒంటిగంట దాటి రెండు కావొచ్చింది. అన్నం ఎండిపోతోంది. లలితమ్మ ముద్ద ముట్టలేదు, ముట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. తిరుపతమ్మ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"కంచాలు తోమాల్నమ్మా."

"జర ఆగు తిరుపతమ్మా. నా బిడ్డ తింటున్నది" అంది లలితమ్మ.

ఆ మాట నోటితో అనడం ఆమెకు అదే మొదటిసారి. సాయంత్రం మంచం మళ్లీ ఇవతలికి జరుపుకుని, "పెద్దయ్యా, మామిడిపండ్లు ఇంగున్నయా?" అని అడిగింది. కురుమూర్తి ఏమీ అడక్కుండా పండ్ల సంచి మొత్తం ఇచ్చాడు.

పంపించే రోజు డాక్టరు మొదటి కాగితం తీసి, ఆమె మాటలు ఆమెకే చదివి వినిపించాడు. కుడిచేత్తోని అన్నం తినాలె. బడికి పోవాలె. "సగం కంచం తింటుంది, టైం ఇస్తే. ఇంకా మెరుగవుతుంది. రోజూ చేయించాలి, మూడు నెలలకు మళ్లీ రావాలి. కానీ ఎడమ చెయ్యంత అవుతుందని నేను చెప్పనమ్మా. అట్లా కాదు" అన్నాడు. లలితమ్మ ఆశ పెట్టుకున్న దానికంటే ఆ మాటల్లో ఉన్నది తక్కువ. అందుకే కావచ్చు, ఒక డాక్టరు మాటను ఆమె మొదటిసారి పూర్తిగా నమ్మింది. మనీషా తెల్ల సంచి మడిచి చేతిలో పెట్టింది. "ఒకటే ఇస్తున్న అక్కా. నీ చేతికి నీ కొంగున్నది గదా" అంది.

బడి తెరిచిన రెండో రోజు అఖిల పలక చంకలో పెట్టుకుని ముందు నడిచింది. టీచరమ్మ కాదనలేదు, ఔననలేదు. "అన్నం బెల్లు కొట్టినంక చూద్దం" అంది. మధ్యాహ్నం పిల్లల వరస చివర అఖిలను కూర్చోబెట్టారు. లలితమ్మ కిటికీ బయట నిలబడింది. కిటికీల బయట నిలబడటం ఆమెకు బాగానే అలవాటైంది. కుడి చెయ్యి కొంగులో ఉంది.

అన్నం, సాంబారు, కోడిగుడ్డు. తక్కిన పిల్లలు క్షణాల్లో ఊడ్చేసి పంపు దగ్గరికి పరుగెత్తారు. అఖిల రెండు ముద్దలు తిన్నది. మూడోది పలక మీద పడింది. మళ్లీ మొదలుపెట్టింది. అటూ ఇటూ తిరుగుతున్న టీచరమ్మ ఆమె ముందు ఆగింది. చూసింది. ఏమనుకుందో, చీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్యకు తీసుకుని కింద కూర్చుంది. సాంబారన్నం తనే కలిపి, ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టింది.

"నోరు తెరువు తల్లీ. పాపం, ఎంతసేపని తింటవ్."

ఏప్రిల్‌లో కాదన్న చెయ్యే అది. ఇప్పుడు జాలిపడి వచ్చింది. అఖిల నోరు సగం తెరిచింది. గాల్లో ఉన్న కుడి చెయ్యి మెల్లగా ఛాతీ మీదికి పోసాగింది.

లలితమ్మ కిటికీ చువ్వలు పట్టుకుంది. "మేడం. మీ చెయ్యి తియ్యుండ్రి."

టీచరమ్మ తిరిగి చూసింది. "తినలేకపోతుంటే పెడ్తున్న. నీకేం తక్లీఫ్? నువ్వు తల్లివేనా అసలు?"

ఆ చూపు లలితమ్మకు తెలుసు. కూలరు పక్కన మునికాళ్ల మీద నిలబడ్డ రోజు తన మొహం మీద ఉన్నదదే. అందుకని కోపం రాలేదు.

"తల్లినే మేడం. నేను గూడ గట్లనే పెట్టిన, నాలుగేండ్లు. ఆమె తింటది. జర టైం పడ్తది. చూడుండ్రి."

టీచరమ్మ ముద్ద పట్టుకున్న చేత్తో అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి ముద్దను కంచంలో అఖిల వైపు పెట్టి, చేతులు ఒళ్లోకి తీసుకుంది. అఖిల ఆ ముద్దను చూసింది. చెయ్యి మళ్లీ ఛాతీని వదిలింది. పోయింది, దాటిపోయింది, తిరిగి వచ్చింది. బొటనవేలు బయటికి వచ్చింది.

బెల్లు కొట్టారు. పిల్లలంతా తరగతిలోకి పోయారు. గుడ్డు ఇంకా మిగిలే ఉంది. టీచరమ్మ లేవలేదు. కంచం మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"పాప పూర్తి పేరేంది?"